ఏ పచ్చ?

హల్ మార్కెట్లో, చేపల కొట్టుకీ
తాళంచెవులు కోసేవాడికీ నడుమ నా బల్ల.
పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు,
నీళ్ళలో పడి, బియ్యం డబ్బాలో నిద్రచేసి వచ్చిన ఫోన్లు.
నవంబరు. పొద్దున పదయినా
హంబర్ మీంచి వచ్చే మంచుకి రంగంటూ లేదు.

"బాబూ, నా ఫోను పచ్చగా చూపిస్తోందట,
చూసి చెబుతావా?" తెనాలి గొంతు.
"ఏ పచ్చండీ?"
"పచ్చంటే పచ్చేనయ్యా, ఎన్నుంటాయి?"
"ఆకా, పసుపా?"
అవతల ఎక్కడో ట్రాలీ చక్రం కీచుమంది.
"నిమ్మకాయ."
"కాయా, పండా?"
"దోరది."

నవ్వొచ్చింది గాని, ఆ తేడా మీదే నా లెక్కంతా.
ఆకుపచ్చయితే తెర లోపలే చచ్చింది,
నూటపది పౌండ్లు, రెండు రోజులు.
పసుపుపచ్చయితే ఏ వేలో తగిలి
రాత్రి వెలుగు మీట పడింది,
అరనిమిషం, ఊరికే.
మన భాష ఆ రెండింటినీ ఒక్క గిన్నెలో కలిపి
ఎవరి కళ్ళకి వాళ్ళని వదిలేసింది.

మధ్యాహ్నం వచ్చింది సువార్తమ్మ,
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం మీద కోటుతో.
ఫోను ఇస్తుంది గాని వదలదు.
తెరమీద పసిగుడ్డు. మూడో రోజు.
"గ్రిమ్స్‌బీలో మా బియాట్రిస్ కొడుకు. నాతో పనిచేసే పిల్ల.
ముక్కు మీద చూడు. కామెర్లు.
ఆస్పత్రికి పొమ్మంటే
నీ ఫోనే పాడయిందంటోంది."

నేను బిడ్డని చూడలేదు. గడియారం అంకెలు చూశాను.
తెల్లగా ఉండాల్సినవి వెన్నరంగులో ఉన్నాయి.
బ్యాటరీ గుర్తుకీ కామెర్లే, ఉత్తరాల బొమ్మకీ కామెర్లే.
"కామెర్లవాడికి లోకమంతా పచ్చనే కదమ్మా,
ఇక్కడ కామెర్లు ఫోనుకి," అన్నాను,
ఇన్నేళ్ళకి సామెత పనికొచ్చిన సంబరంలో.

"కళ్ళు మండుతున్నాయంటే మా మేనేజరు ఏదో నొక్కాడయ్యా."
రాత్రికి పెట్టాల్సింది పగటికీ పెట్టాడు.
ఆపాను.
ఎటో పోయిన నీలం తెరలోకి తిరిగొచ్చింది.
తెలుపు తెల్లబడింది.
ఆవిడ మొహం తెల్లబోయింది.
"పచ్చి బాలింతరాలు. ఊరికే హడలగొట్టానే."

డబ్బులొద్దన్నాను.
సంచిలోంచి అరటిపండొకటి తీసి బల్లమీద పెట్టింది.
అక్కడితో అయిపోవాలి.

గుమ్మం దగ్గర ఆగింది.
నా ట్యూబులైటుని అనుమానంగా ఓసారి చూసి
ఫోను పట్టుకుని వీధిలోకి నడిచింది,
ఆ రంగులేని వెలుతురులోకి. వెనకే నేనూ.
పదహారేళ్ళుగా తెరలు విప్పుతున్నాను,
ఇలా బయటికి తెచ్చి చూసింది లేదు.
రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది.
ముక్కు. నుదురు. కంటికొన.
కింద పరిచిన దుప్పటి తెల్లగా ఉంది, ఉండాల్సినంత.

"కొంచెం ఉంది," అంది.
ఏ పచ్చ అని నేను అడగలేదు.
అక్కడే, చేపల వాసనలో నిలబడి, గ్రిమ్స్‌బీకి ఫోను కలిపింది.

నా కంప్యూటరు తెర మూడేళ్ళుగా గులాబీరంగు.
కేబుల్ వదులు. మడిచిన రసీదు దోపి నెట్టుకొస్తున్నా.
ఆ సాయంత్రం రసీదు పీకేసి, మరలు బిగించాను.
మూడేళ్ళ తర్వాత మంచు మంచులాగే కనిపించింది.

మర్నాడు మళ్ళీ ఆవిడే.
"బాబూ, ఇప్పుడు నీలంగా ఉంది."
"తెరంతానా, బొమ్మొక్కటేనా?"
"బొమ్మే. వాడే. కళ్ళకి గంతలు కట్టి
దీపం కింద పడుకోబెట్టారు.
కాళ్ళూ చేతులూ బొజ్జా, అంతా నీలం."

ఒక్క క్షణం నా వేళ్ళు సెట్టింగ్స్ కోసం తడుముకున్నాయి.
తర్వాత వెలిగింది.
నిన్న తెరలోకి నేను రప్పించిన రంగే
ఏటి అవతల ఆ చిన్న ఒంటిమీద
పచ్చని కడుగుతోంది.

"అది అలాగే ఉండాలమ్మా, ఏమీ ముట్టుకోకండి."
"తెలుసులేవయ్యా, నర్సుని. నీకు చెబుదామనే.
ఆ అరటిపండు తిన్నావా?"

బల్ల చివర చూశాను.
"ఇంకా దోరగానే ఉందండీ."